సేవకు లెక్క ఉండాలి: గోళకీ మఠం వెతుక్కుంటూ వెళ్లిన రోజు

పోయిన వారం వీడియోలో గోళకీ మఠం గురించి రెండు మాటలు చెప్పి వదిలేశాను. దాని గురించి పూర్తిగా చెప్పమని చాలామంది అడిగారు. ఇది కొంచెం కూర్చుని చదవాల్సిన విషయం కాబట్టి వీడియోలో కాకుండా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో మన చరిత్ర ఉంది, ఒక ప్రయాణం ఉంది, నేను చేసిన ఒక తప్పు కూడా ఉంది. తప్పుతోనే మొదలుపెడతాను.

పదకొండు ఆదివారాలు

రెండేళ్ల క్రితం మేం ఐదుగురు ఫ్రెండ్స్ కలిసి వరంగల్‌లో అన్నదానం మొదలుపెట్టాం. ఒక పెద్ద ఆసుపత్రి బయట, పేషెంట్ల వెంట వచ్చి మెట్ల మీద, చెట్ల కింద పడుకునే వాళ్ల కోసం. ప్రతి ఆదివారం పొద్దున పులిహోర, పెరుగన్నం. మొదటి వారం ఎంత ఉత్సాహమో చెప్పలేను. అందరం తెల్లవారక ముందే లేచాం. ఫోటోలు దిగాం. స్టేటస్‌లు పెట్టాం. జన్మ ధన్యమైపోయినట్టు అనిపించింది.

పన్నెండో వారం ఎవరూ వెళ్లలేదు. గొడవేం జరగలేదు. ఒకడికి ఆఫీసులో పని, ఇంకొకడి ఇంట్లో పెళ్లి. బియ్యం వాడు తెస్తాడని వీడు, వీడు తెస్తాడని వాడు అనుకున్నారు. నేనూ అంతే. పదమూడో వారం కూడా అలాగే గడిచిపోయింది. తర్వాత దాని గురించి మాట్లాడుకోవడమే మానేశాం.

ఓ నెల తర్వాత అటువైపు వెళ్తే, అక్కడి టీ కొట్టతను నన్ను గుర్తుపట్టాడు. "ఏం సారూ, వస్తలేరు? ఒక ముసలామె రెండు ఆదివారాలు స్టీలు డబ్బా పట్టుకుని మీ కోసం నిలబడ్డది" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. మేం అసలు మొదలే పెట్టకపోతే ఆమె ఎదురుచూసేది కాదు. మొదలుపెట్టి మానేయడం వల్ల ఎదురుచూసింది.

మెల్క్ నుంచి వచ్చిన ప్రశ్న

సరిగ్గా ఆ రోజుల్లోనే మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడు మ్యూనిక్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. సెలవు దొరికితే ట్రైన్ ఎక్కి ఏదో ఊరు చూసొస్తాడు. ఆ రోజు ఆస్ట్రియాలోని మెల్క్‌లో ఉన్నాడు. డాన్యూబ్ నది ఒడ్డున, గుట్ట మీద పసుపు రంగులో ఒక పెద్ద భవనం వీడియో కాల్‌లో చూపించాడు.

"అన్నా, ఇది క్రైస్తవ సన్యాసుల మఠమట. 1089 నుంచి బెనెడిక్టైన్ సన్యాసులు ఇక్కడ ఉన్నరట. ఇప్పటికీ ఉన్నరు. స్కూలు నడుపుతున్నరు. లైబ్రరీ చూస్తే కళ్లు తిరిగినయ్" అన్నాడు. కాసేపాగి, "మనం ఓరుగల్లు వాళ్లం కదా. కాకతీయుల కాలంల ఇట్లాంటిది ఒక్కటన్న ఉండెనా? గుళ్లు ఉన్నయ్, సరే. సన్యాసులు ఒక చోట ఉండి, చదువు చెప్పి, రోగుల్ని చూసుకుని, వచ్చినోళ్లకు అన్నం పెట్టిన జాగ?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. భక్తి ఛానెల్ నడుపుతూ, వేయి స్తంభాల గుడికి కూతవేటు దూరంలో ఉంటూ, ఈ ప్రశ్నకు జవాబు తెలియకపోవడం సిగ్గుగా అనిపించింది. "చూసి చెప్తారా" అని ఫోన్ పెట్టేశాను.

ముందు వాళ్ల సంగతి అర్థం చేసుకుందాం

బెనెడిక్ట్ ఆరో శతాబ్దపు ఇటలీ సన్యాసి. 529 ప్రాంతంలో మోంటే కాసినో కొండ మీద మఠం పెట్టాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన మిగిల్చిన అసలు ఆస్తి ఒక చిన్న నియమాల పుస్తకం, మొత్తం 73 అధ్యాయాలు. అందులో ప్రార్థన వేళలు ఉన్నాయి. వాటితో పాటు వంట వంతులు, స్టోర్ చూసుకునే వ్యక్తి లక్షణాలు, రోగుల గది, గుమ్మం దగ్గర కూర్చునే మనిషి ఎలా ఉండాలన్నదీ ఉన్నాయి. మఠంలోని గిన్నెల్ని, పనిముట్లని పూజాపాత్రలంత జాగ్రత్తగా చూడమని స్టోర్ చూసే వ్యక్తికి చెప్తాడు. వచ్చిన అతిథిని సాక్షాత్తు క్రీస్తు వచ్చినట్టే ఆదరించమంటాడు.

అతిథిని దేవుడిగా చూడమని మన తైత్తిరీయోపనిషత్తు చెప్పినది మీకు గుర్తొచ్చే ఉంటుంది. నాకూ అదే గుర్తొచ్చింది. "ఇది మనం ఎప్పుడో చెప్పాం" అని ఒక వీడియో చేసేద్దామనుకున్నాను కూడా. కానీ తమ్ముడు అడిగింది ఎవరు ముందు చెప్పారని కాదు, ఎక్కడ చేశారని. ఆ తేడా గమనించండి. ఈ వ్యాసమంతా ఆ తేడా గురించే.

ఓరుగల్లు రాజగురువు

వెతకడం మొదలుపెడితే జవాబు మన ఊరి చరిత్రలోనే దొరికింది. కాకతీయ గణపతిదేవుడికి దీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శివాచార్యులు. విశ్వేశ్వర శంభు అని కూడా అంటారు. ఆయన మన ప్రాంతం వాడు కాదు. గౌడ దేశం, అంటే నేటి బెంగాల్ వైపు, పూర్వగ్రామం అనే ఊరి నుంచి వచ్చిన శైవాచార్యుడు.

ఆయనది గోళకీ మఠ పరంపర. ఈ పరంపర మూలం నేటి మధ్యప్రదేశ్‌లో ఉంది. అప్పట్లో ఆ ప్రాంతాన్ని డాహళ మండలం అనేవారు. కలచురి రాజు యువరాజదేవుడు సద్భావ శంభు అనే ఆచార్యుడికి గొప్ప దానం ఇచ్చాడని, దానితోనే ఆయన గోళకీ మఠం స్థాపించాడని శాసనం చెబుతుంది. అక్కడి నుంచి శాఖలు దక్షిణానికి వచ్చాయి. మన కాళేశ్వరంలో, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోయిన ఏలేశ్వరంలో కూడా విశ్వేశ్వర శంభు మఠాలు పెట్టారు. వీటన్నిటిలో ఎక్కువ వివరాలు దొరికేది కృష్ణ ఒడ్డున ఉన్న మందడం మఠం గురించి. ఆ వివరాలన్నీ 1261 నాటి మల్కాపురం శాసనంలో ఉన్నాయి.

గణపతిదేవుడు మందడం గ్రామాన్ని గురువుకి ఇస్తానని మాట ఇచ్చాడు. దాన్ని నెరవేర్చింది ఆయన కూతురు రుద్రమదేవి. మందడంతో పాటు పక్కనున్న వెలగపూడిని, కృష్ణలోని లంక భూములను కూడా కలిపి ఇచ్చింది. వెలగపూడి పేరు ఈ రోజుల్లో అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్నది అక్కడే.

ఒక స్తంభం, ఒక నంది

ఒక శనివారం వరంగల్‌లో పొద్దున ట్రైన్ ఎక్కి బెజవాడలో దిగాను. అక్కడి నుంచి ప్రకాశం బ్యారేజీ దాటి, ఆటో మాట్లాడుకుని మందడం, మల్కాపురం వైపు వెళ్లాను. ఒకవైపు రాజధాని కోసం వేసిన వెడల్పాటి రోడ్లు, ఇంకోవైపు పాత ఊళ్లు.

మెల్క్ ఫోటోలు చూసి వెళ్లిన కళ్లతో చూస్తే అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. పెద్ద భవనం లేదు, లైబ్రరీ లేదు. ఒక రాతి స్తంభం, దాని మీద నంది. స్తంభం పక్కల నిండా సన్నటి అక్షరాలు. నాకు ఒక్క వాక్యం కూడా చదవడం రాలేదు. లోపల ఏముందో పుస్తకంలో చదివి వెళ్లాను కాబట్టి సరిపోయింది, లేకపోతే ఒక దండం పెట్టి సెల్ఫీ దిగి వచ్చేసేవాణ్ణి.

అక్కడ అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగారు.

"వరంగల్ అండి."

"అంత దూరం నుంచి ఈ రాయి కోసం వచ్చావా?"

"ఈ రాయి వేయించింది మా ఊరి రాణి కదండీ" అన్నాను.

ఆయన నవ్వారు. "అయితే మీ వస్తువు మా దగ్గరుందన్నమాట" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. కాసేపు నంది దగ్గరే కూర్చుని, రాసుకొచ్చిన నోట్స్ తీసి చదువుకున్నాను.

ఆ రాతి మీద ఏముంది?

దేవుడి స్తోత్రం ఉంది, గురుపరంపర ఉంది. ఆ తర్వాత అంతా ఏర్పాటే. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, ఆదాయాన్ని మూడు భాగాలు చేశారు. ఒక భాగం విశ్వేశ్వర స్వామి ఆలయానికి. రెండో భాగం శుద్ధశైవ మఠానికి, విద్యార్థుల భోజనానికి. మూడో భాగం ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, బ్రాహ్మణుల భోజన సత్రానికి.

ప్రసూతిశాల అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. 1261లో, సన్యాసుల మఠం లెక్కల్లో, కాన్పుల కోసం ఒక చోటు ఉంది. పెళ్లి, పిల్లలు వద్దనుకున్న వాళ్లు, బిడ్డను కనబోయే తల్లి కోసం తమ ఆదాయంలోంచి వాటా రాసిపెట్టారు. సన్యాసం అంటే లోకాన్ని వదిలేయడం అనే అనుకుంటాం కదా. వీళ్లు తమ కోసం కోరుకోవడం వదిలేశారు, లోకాన్ని మాత్రం వదల్లేదు.

రెండోది, మనుషులు. ఋగ్వేదం, యజుర్వేదం, సామవేదం చెప్పడానికి ముగ్గురు. తర్కం, సాహిత్యం, ఆగమం లాంటి శాస్త్రాలు చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు. లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. వంటవాళ్లు, నృత్యం చేసేవాళ్లు, పాడేవాళ్లు, వాద్యగాళ్లు, ఊరి కాపలాదారులు. కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి వంటి వృత్తుల వాళ్లకు కూడా చోటు ఉంది. ఎవరినీ "పుణ్యం వస్తుంది, ఊరికే చెయ్యండి" అనలేదు. ఎవరి పనికి ఏం ఇవ్వాలో రాసి భూములు కేటాయించారు.

మూడోది, అన్నం. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టాలని శాసనం చెబుతుంది.

నిజాయితీగా ఇంకో రెండు మాటలు

ఇక్కడ ఆగి జయజయధ్వానాలు చేయడం సులువు. కానీ రాయి మీద ఉన్నదాన్ని పూర్తిగా చదవాలి కదా. అందరికీ అన్నం అన్న శాసనమే బ్రాహ్మణుల సత్రానికి వేరే వాటా కూడా పెట్టింది. అరవై బ్రాహ్మణ కుటుంబాలను తెచ్చి ఇళ్లు, భూములు ఇచ్చి ఊరు కట్టించింది. ఆ కాలపు హెచ్చుతగ్గులు అందులో ఉన్నాయి. మఠానికి వచ్చిన ఆదాయం ఆకాశం నుంచి ఊడిపడలేదు, ఆ ఊళ్లలో దున్నిన రైతుల చెమటలోంచి వచ్చింది. ఆ రైతుల పేర్లు మనకు తెలియవు.

ఇది చెప్పడం మన సంప్రదాయాన్ని తక్కువ చేయడం కాదు. ఆ కట్టుబాట్ల మధ్య నుంచే ఒక ఆచార్యుడు చిట్టచివరి మనిషి పేరు కూడా తలచి, అతడికీ అన్నం పెట్టమని రాతి మీద చెక్కించాడు. ఆ గీత అక్కడితో ఆగిపోవాలని లేదు. దాన్ని ఇంకా ముందుకు లాగాల్సింది మనం.

అది బతికింది, ఇది ఎందుకు బతకలేదు?

తిరుగు ప్రయాణంలో ట్రైన్ కిటికీ పక్కన కూర్చుంటే తొలిచింది ఈ ప్రశ్నే. మెల్క్‌లో ఇప్పటికీ గంట మోగుతోంది. మందడంలో రాయి మాత్రమే మిగిలింది.

చరిత్ర కారణం కొంత స్పష్టమే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సుల్తానుల చేతికి పోయింది. రాజ్యం అండతో, రాజు ఇచ్చిన ఊళ్ల ఆదాయంతో నడిచిన సంస్థలకు ఆ అండ పోతే కష్టమే.

కానీ యూరప్‌లో వాళ్లకూ కష్టాలు తక్కువేం కాదు. మోంటే కాసినో ఎన్నోసార్లు ధ్వంసమైంది. 1944లో రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు వేసి దాదాపు నేలమట్టం చేశారు. మళ్లీ కట్టుకున్నారు. వాళ్లకూ రాజుల దానాలు వచ్చాయి, పోయాయి. కానీ ఆ నియమాల పుస్తకం ఏ ఒక్క భవనానికీ కట్టుబడి లేదు. అది చేతిలో ఉన్న పదిమంది ఇంకో ఊరికి వెళ్లినా అదే దినచర్య, అదే వంట వంతు, అదే అతిథి మర్యాద మొదలవుతాయి. తమ పని తాము చేసుకోవడం కూడా ఆ నియమంలో భాగమే.

మనకూ అలాంటి ఏర్పాటు ఉండేది. మనం స్తంభానికి పసుపు కుంకుమలు పెట్టాం, మీద రాసినది చదవడం మర్చిపోయాం. ఇది ఎవరినో నిందించడానికి అనడం లేదు. మా పదకొండు ఆదివారాల కథ కూడా అదే కదా. భక్తి ఉంది, ప్రేమ ఉంది, ఫోటోలున్నాయి. కాయస్థుడు మాత్రం లేడు.

మళ్లీ మొదలుపెట్టాం

ఇంటికి రాగానే నలుగురికీ ఫోన్ చేశాను. ముసలామె సంగతి చెప్పాను. ఎవరూ వాదించలేదు. ఒక రెండొందల పేజీల నోట్‌బుక్ కొని మల్కాపురం శాసనాన్ని మా స్థాయికి దించి రాసుకున్నాం.

నెలకు ఒక్కొక్కరు 1500 రూపాయలు, ఒకటో తారీఖునే. వచ్చిన డబ్బు మూడు భాగాలు. ఒకటి అన్నానికి. ఒకటి మందులకో బస్సు ఛార్జీలకో ఇబ్బంది పడేవాళ్లకి. ఒకటి కదపకుండా దాచడానికి, ఏదో నెల ఎవరికైనా కుదరకపోతే అన్నం ఆగకూడదు కాబట్టి. వంట చేసే అక్కకి కచ్చితంగా జీతం. ఇంతకుముందు ఆమె చేత ఊరికే చేయించుకున్నాం, "సేవ కదా అక్కా" అని. అది గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. లెక్క రాసే పని మాలో అందరికన్నా తక్కువ మాట్లాడేవాడికి ఇచ్చాం. ఎవరైనా రాలేకపోతే ముందు రోజు సాయంత్రంలోగా తన బదులు ఇంకొకరి పేరు పుస్తకంలో రాయించాలి. మనకు సెలవు ఉండొచ్చు, అన్నానికి ఉండకూడదు.

ఇప్పటికి ఏడాది దాటింది. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. ఫోటోలు దిగడం ఎప్పుడో మానేశాం, ఎవరూ వద్దనలేదు, గుర్తుకే రావడం లేదు. స్టీలు డబ్బా ముసలామె మళ్లీ కనిపించలేదు. ఆమె పేషెంటు బాగై ఇంటికి వెళ్లిపోయి ఉంటారని అనుకుంటాను. అలా అనుకోవడం తప్ప నాకు వేరే దారి లేదు.

తమ్ముడికి జవాబు పంపాను. "ఉండెరా. 1261ల మన రాణి రాతి మీద రాయించింది. ప్రసూతిశాల కూడా ఉండె. ఇప్పుడు రాయే ఉంది. పని మనది."

వాడు ఒక్క మాట రాశాడు: "ఒకటో తారీఖు నాది కూడా కలుపు."

మీరు వెళ్తే

ఏదైనా పాత మఠానికి, ఏ మతానిదైనా సరే, యాత్రికులుగా వెళ్తే ఈ మూడు గుర్తుంచుకోండి.

ఒకటి, వెళ్లేముందు చదవండి. అక్కడి శాసనం మనకు చదవడం రాకపోయినా, అందులో ఏముందో ముందే తెలుసుకుంటే రాయి మాట్లాడుతుంది.

రెండు, అది ఇంకా నడుస్తున్న మఠమైతే వాళ్ల వేళల్ని గౌరవించండి. ప్రార్థన జరిగేటప్పుడు ఫోన్ జేబులో ఉండాలి. మన గుడిలో ఎదుటివాళ్లు ఎలా ఉండాలని కోరుకుంటామో వాళ్ల దగ్గర మనం అలాగే ఉండాలి.

మూడు, శిల్పం చూశాక వంటగది ఎక్కడుండేదో అడగండి. అన్నం ఎవరు వండేవారు, ఎవరికి పెట్టేవారు, డబ్బు ఎక్కడి నుంచి వచ్చేది అని అడగండి. ఆ మఠం ఎలాంటిదో అక్కడే తెలుస్తుంది.

ఈ వారం సాధన

మీరు మొదలుపెట్టి మధ్యలో వదిలేసిన ఒక మంచి పనిని గుర్తు తెచ్చుకోండి. పక్కింటి పిల్లలకు ట్యూషన్ కావచ్చు, అమ్మమ్మకి రోజూ ఫోన్ కావచ్చు, గోశాలకి నెలనెలా పంపే డబ్బు కావచ్చు. ఒక కాగితం తీసుకుని నాలుగు లైన్లు రాయండి: ఎప్పుడు, ఎవరు, ఎంత, నేను లేకపోతే ఎవరు. అంతే. దాన్ని పూజ గదిలో దేవుడి పటం పక్కన పెట్టండి. రోజూ దీపం వెలిగించేటప్పుడు అది కనిపించాలి.

వచ్చే వారం కాళేశ్వరం వెళ్దాం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఎందుకున్నాయో మాట్లాడుకుందాం. అప్పటిదాకా సెలవు.

హర హర మహాదేవ.